పిల్లల అప్పగింత: మదనపల్లె తండ్రి వేసిన వ్యాజ్యం

చలికాలంలో ఏ ఉదయం లేపాక్షికి వెళ్ళినా ఒక దృశ్యం కనబడుతుంది. బసవన్న ఎదుట విహారయాత్రల బస్సులు ఆగి ఉంటాయి. ఒకే రాతిలో మలిచిన ఆ నంది పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. దాని నీడలో బడిపిల్లలు వరుస కట్టి నిలుచుని ఉంటారు. ఒక పంతులుగారో, పంతులమ్మగారో వేలు ఆడిస్తూ "ఒకటి, రెండు, మూడు" అని తలలు లెక్కపెడుతూ ఉంటారు. బస్సు దిగగానే ఒకసారి, వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసే ఉబలాటం తీరాక మరొకసారి, తిరిగి బస్సెక్కే ముందు ఇంకొకసారి. పరాయి ఊళ్ళో పిల్లలను కాపాడుకోవడానికి మనకు తెలిసిన అతి పాత నియమం ఇదే: ఎంతమందిని తెచ్చామో అంతమందిని ఇంటికి చేర్చడం.

ఆ గుడిలోనే మార్గదర్శకులు పిల్లలకు విరూపణ్ణ కథ చెబుతారు. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు ఈ గుడి కట్టించారు. విరూపణ్ణ కోశాధికారి. రాజుగారి సొమ్మును అనుమతి లేకుండా గుడికి వెచ్చించాడని అభియోగం వచ్చిందనీ, కళ్ళు తీయించమని ఆజ్ఞ అయిందనీ, రాజభటులు వచ్చేలోగా ఆయనే తన కళ్ళు పెరికి గోడకు విసిరాడనీ ఐతిహ్యం. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం దగ్గర గోడమీది ఎర్రటి మరకలను నేటికీ చూపిస్తారు. చరిత్రగా దీనికి నిలబడే ఆధారం లేకపోయినా, లోకం మనసు ఇందులో తెలుస్తుంది. ధనాన్ని నమ్మి అప్పగించినవారు లెక్క అడుగుతారు. లెక్క చెప్పలేనివాడు ఎంత భక్తుడైనా విడిచిపెట్టరు.

మరి పిల్లలను నమ్మి అప్పగించినప్పుడు లెక్క అడుగుతున్నామా? తలల లెక్క కాదు నేనంటున్నది. ఆ తలల చుట్టూ ఉన్న పెద్దల నడవడిక లెక్క. శిబిరాలలోనూ, వసతిగృహాలలోనూ, యాత్రలలోనూ పిల్లల క్షేమం గురించి ఆలోచించినప్పుడల్లా నాకు రాయలసీమకే చెందిన ఒక తండ్రి కథ గుర్తుకు వస్తుంది. నూరేళ్ళు దాటిన ఆ కథను ఆధ్యాత్మిక చరిత్రలో భాగంగా చెప్పుకుంటారే తప్ప పిల్లల రక్షణ చరిత్రలో భాగంగా ఎవరూ చెప్పుకోరు. ఆ లోటు కొంతైనా తీర్చాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

*

ముందుగా, ఈ ప్రశ్న లేపాక్షి ప్రాంతానికి ఎందుకింత దగ్గరిదో చెప్పాలి. 2022 ఏప్రిల్ వరకు అనంతపురం జిల్లాలో ఉండి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఈ పీఠభూమి, దేశంలో అతి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. ఏటా పడేది ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. అదీ నమ్మకం లేని వాన. వేరుశనగ పంట ఎండిన ఏడు కాపు కుటుంబమైనా, కూలి కుటుంబమైనా బెంగుళూరు దారి పట్టాల్సిందే. తల్లిదండ్రులు కట్టడాల పనికి పోతే పిల్లలు ఏమి కావాలి? అవ్వతాతల దగ్గరో, వసతిగృహంలోనో ఉండాలి. ఈ నేలమీద వసతిగృహం ఒక సౌకర్యం మాత్రమే కాదు, కరవుకు ఒక జవాబు.

అందుకే ఇక్కడ గురుకులాలకు ఒక గౌరవం ఉంది. పి.వి. నరసింహారావుగారి హయాములో 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పుట్టింది. మరుసటి సంవత్సరమే హిందూపురం పక్కన కొడిగెనహళ్ళిలోనూ, గుంటూరు జిల్లా తాడికొండలోనూ అటువంటివే వెలిశాయి. కొడిగెనహళ్ళిలో సీటు వచ్చిందంటే ఊరంతా చెప్పుకునేవారు. 1986 నాటి జాతీయ విద్యావిధానం వెంట వచ్చిన జవహర్ నవోదయ విద్యాలయాలలో ఈ జిల్లాకు దక్కినది లేపాక్షిలోనే ఉంది. ఆరో తరగతిలో ప్రవేశపరీక్ష నెగ్గిన పల్లెటూరి పిల్లలు అందులో చేరతారు. పదకొండేళ్ళ బిడ్డ ట్రంకుపెట్టెతో గేటు దాటి లోపలికి పోతుంటే, బయట నిలబడిన తల్లిదండ్రుల కళ్ళలో దిగులు కంటె కృతజ్ఞతే ఎక్కువగా ఉంటుంది.

ఆ కృతజ్ఞత దగ్గరే మన కథ మొదలవుతుంది. ఎందుకంటే, కృతజ్ఞత ఉన్నచోట ప్రశ్న నోటికి రాదు.

*

జిడ్డు నారాయణయ్యగారిది మదనపల్లె. రెవెన్యూ శాఖలో పనిచేసి తహసీల్దారు హోదా వరకు ఎదిగిన తెలుగు బ్రాహ్మణుడు. చాలా ఏళ్ళుగా దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. భార్య సంజీవమ్మగారు 1905లో మరణించారు. 1907 చివర ఆయన ఉద్యోగవిరమణ చేశారు. చేతిలో పింఛను, ఇంట్లో తల్లిలేని పిల్లలు. మద్రాసు అడయారులోని సమాజ కేంద్రంలో ఏదైనా పని ఇప్పించమని అధ్యక్షురాలు అనీబెసెంటును పలుమార్లు అర్థించి, 1909 జనవరిలో నలుగురు కొడుకులతో అక్కడికి చేరారు. ఉన్నది ఆవరణ బయట, సరైన వసతులు లేని ఒక ఇల్లు. ఆ కొడుకులలో ఒకరు కృష్ణమూర్తి, 1895లో పుట్టినవాడు. తరువాతివాడు నిత్యానంద, మూడేళ్ళు చిన్న.

అదే సంవత్సరం మొదట్లో అడయారుకు మరొక వ్యక్తి వచ్చి చేరాడు: చార్లెస్ లెడ్‌బీటర్, సమాజంలో పేరుమోసిన ఆంగ్లేయ రచయిత. ఆయన వెనుక ఒక చరిత్ర ఉంది. తన సంరక్షణలో ఉన్న బాలురకు తల్లిదండ్రులకు తెలియకుండా లైంగిక విషయాలలో సలహాలు ఇచ్చాడని అమెరికాలోని తల్లిదండ్రులు ఫిర్యాదు చేయగా, 1906లో లండనులో విచారణ జరిగింది. సలహాలు ఇచ్చిన మాటను ఆయన ఒప్పుకున్నాడు. బాలుర మేలు కోసమే ఇచ్చానన్నాడు. సమాజానికి రాజీనామా చేశాడు. 1908 చివరికల్లా ఆయనను తిరిగి చేర్చుకున్నారు. మరికొన్ని నెలలకే అడయారు సముద్రతీరాన కృష్ణమూర్తిని చూసి, ఇతడు లోకానికి గురువు కాబోతున్నాడని ప్రకటించాడు.

పిల్లలు అప్పటికి మైలాపూరులో ఒక బడికి పోతుండేవారు. చదువులో వెనుకబడిన కృష్ణమూర్తికి అక్కడ బెత్తం దెబ్బలు మామూలు. లెడ్‌బీటర్ ఆ బడి మాన్పించి, తానూ తన అనుచరులూ చదువు చెప్పే ఏర్పాటు చేశాడు. మంచి తిండి, శుభ్రమైన బట్టలు, ఆటలు, ఇంగ్లీషు చదువు. ఏ పేద తండ్రి కాదంటాడు? 1910 మార్చిలో నారాయణయ్యగారు కృష్ణ, నిత్యల సంరక్షణను బెసెంటుగారికి అప్పగిస్తూ పత్రం మీద సంతకం చేశారు.

ఆ తరువాత ఆయన మనసు నిలువలేదు. లెడ్‌బీటర్‌కూ పిల్లలకూ ఉన్న సాన్నిహిత్యం ఆయనకు నచ్చలేదు. 1912లో పిల్లలను ఇంగ్లండు తీసుకుపోయే ముందు వారిని లెడ్‌బీటర్‌కు దూరంగా ఉంచాలని కోరారు. కాని ఆ వసంతంలోనే పిల్లలు సిసిలీ ద్వీపంలోని తావొర్మీనాలో అతనితో కలిసి ఉన్నారు. చివరకు 1912 అక్టోబరులో నారాయణయ్యగారు చెంగల్పట్టు జిల్లా కోర్టులో వ్యాజ్యం వేశారు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. ప్రపంచ ప్రసిద్ధి పొందిన వక్త, సమాజానికి అధ్యక్షురాలు అయిన బెసెంటుగారు తన కేసు తానే వాదించుకున్నారు. ఎదుట నిలబడినది ఆమె దయవల్ల నీడ దొరికిన ఒక పింఛనుదారు.

1913 ఏప్రిల్‌లో న్యాయమూర్తి బేక్‌వెల్ తీర్పు చెప్పారు. తండ్రి చేసిన అతి తీవ్రమైన ఆరోపణ రుజువు కాలేదన్నారు; ఆ కారణంగా ఖర్చులు కూడా తండ్రి మీదనే వేశారు. అయినా పిల్లలను తిరిగి అప్పగించమన్నారు. లెడ్‌బీటర్ స్వయంగా ఒప్పుకున్న అభిప్రాయాలే అతనిని బాలుర శిక్షకుడిగా ఉండటానికి అనర్హుణ్ణి చేస్తున్నాయన్నారు. అప్పీలులోనూ అదే నిలిచింది. బెసెంటుగారు లండనులోని ప్రివీ కౌన్సిలుకు వెళ్ళారు. 1914 మేలో ప్రివీ కౌన్సిల్ కింది తీర్పులను కొట్టివేసింది. వ్యాజ్యం నడిచిన పద్ధతి సరికాదన్నది. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం నడవవలసిన విషయమన్నది. అన్నిటికంటె ముఖ్యం, ఎవరి గురించి ఇంత వ్యాజ్యం జరిగిందో ఆ పిల్లల పక్షాన మాట్లాడేవారే లేకపోయారని ఎత్తిచూపింది. అప్పటికి ఇంగ్లండులో ఉన్న పిల్లలను వారి ఇష్టానికి వ్యతిరేకంగా ఇండియాకు తెమ్మని ఆజ్ఞాపించడం తగదన్నది.

తండ్రి ఓడిపోయాడు. తరువాతి కథ అందరికీ తెలిసినదే. కృష్ణమూర్తి 1929లో తన కోసం కట్టిన సంస్థను తానే రద్దు చేసి, స్వతంత్ర తాత్త్వికుడై ప్రపంచమంతా తిరిగారు. బెసెంటుగారి పట్ల జీవితాంతం ప్రేమగౌరవాలు చూపారు. కాబట్టి దీనిని దుష్టులకూ శిష్టులకూ మధ్య జరిగిన పోరాటంగా చెప్పుకుంటే పొరపాటు. తండ్రి మాటల్లో అతిశయోక్తి ఉంది. తల్లివంటి బెసెంటు ప్రేమలో నిజం ఉంది. ఆ చిక్కుముడిలోనే మనకు పనికివచ్చే పాఠాలున్నాయి.

*

మొదటి పాఠం: నేరం వేరు, అనర్హత వేరు. ఆరోపణ రుజువు కాలేదని చెప్పిన న్యాయమూర్తే, అదే తీర్పులో, ఆ మనిషి పిల్లలకు శిక్షకుడుగా తగడనీ అన్నారు. పైకి ఇది విరుద్ధంగా కనబడుతుంది. కాని ఆలోచిస్తే పిల్లల రక్షణకు పునాది రాయి ఇదే. ఒకరిని జైలుకు పంపాలంటే సందేహానికి అతీతమైన రుజువు కావాలి, అది న్యాయం. ఒకరి చేతికి పిల్లలను అప్పగించకుండా ఉండటానికి అంత రుజువు అక్కరలేదు. అతని నడవడిక హద్దు దాటిందని తెలిస్తే చాలు. పిల్లల దగ్గర పనిచేయడం ఎవరి హక్కూ కాదు. మన ఊళ్ళలో ఏదైనా ఫిర్యాదు వస్తే "రుజువేమిటి?" అన్న ఒక్క ప్రశ్నతో నోరు మూయిస్తాము. రుజువు వెదకడం పోలీసుల పని. హద్దులు గీయడం, దాటినవారిని ఆ పని నుంచి తప్పించడం సంస్థ పని. రెండిటినీ కలగలిపినందువల్లనే ఎన్నో చోట్ల ఏ పనీ జరగకుండా పోతున్నది.

రెండవ పాఠం: అప్పగింత శాశ్వతం కాదు. ప్రివీ కౌన్సిల్ తండ్రిని ఓడించినా ఒక సూత్రాన్ని మాత్రం స్పష్టంగా చెప్పింది. తండ్రి సంరక్షకత్వం ఒక పవిత్రమైన న్యాసం వంటిది. ఇతరులకు పిల్లలను అప్పగించవచ్చును గాని, ఆ అప్పగింత ఉపసంహరించుకోదగినదే. సంతకం పెట్టినంత మాత్రాన అడిగే హక్కు పోదు. అయితే పిల్లల క్షేమం అనే కొలతకు అది లోబడి ఉంటుంది. దీని అర్థం గురుకులం గేటు బయట నిలబడిన ప్రతి తల్లికీ తెలియాలి. సీటు ఇచ్చినవారు దయ చూపలేదు, బాధ్యత స్వీకరించారు. ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు, ఏమైనా అడగవచ్చు.

మూడవ పాఠం: పిల్లల మాట. చెంగల్పట్టు నుంచి లండను దాకా తండ్రి మాట్లాడాడు, సంరక్షకురాలు మాట్లాడింది, న్యాయవాదులు, పత్రికలు మాట్లాడాయి. పిల్లలను విడిగా కూర్చోబెట్టి, వారికి భయం లేని చోట, "నీకేమి కావాలి? నీకేమి జరుగుతున్నది?" అని అడిగే ఏర్పాటు మాత్రం లేదు. 1914లో ప్రివీ కౌన్సిల్ ఎత్తిచూపిన ఈ లోపం నేటికీ మన వసతిగృహాల తనిఖీలలో కనబడుతుంది. అధికారి వస్తాడు, వార్డెనును పక్కన పెట్టుకుని "అన్నం బాగుందా పిల్లలూ?" అని అడుగుతాడు. "బాగుంది సార్" అని వందమంది ఒక్క గొంతుతో అంటారు.

ఈ మూడింటికీ వెనుక నాలుగోది ఒకటి ఉంది. 1906 నాటి విచారణ సంగతి సంస్థలోని పెద్దలకు తెలుసు. తెలిసే తిరిగి చేర్చుకున్నారు. తెలిసే పిల్లల దగ్గర ఉండనిచ్చారు. ఆయన మేధ మీద, ఉద్దేశం మీద వారికి గల నమ్మకం ముందు ఆ పాత సంగతి చిన్నదైపోయింది. చెడ్డవారు చెడ్డవారిని కాపాడటం అరుదు. మంచివారు తమ మిత్రులను నమ్మడం వల్లనే ఎక్కువ కీడు జరుగుతుంది.

*

ఇదంతా అడయారుకు మాత్రమే చెందిన వింత కాదని చెప్పడానికి శిబిరాల చరిత్ర చూడాలి. పిల్లలను ఇంటికి దూరంగా, గుడారాలలో ఉంచి క్రమశిక్షణ నేర్పే పద్ధతిని లోకమంతటా వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు బేడెన్ పవెల్. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ ద్వీపంలో ఇరవైమందికి పైగా బాలురతో ఆయన నడిపిన శిబిరం నుంచే స్కౌటు ఉద్యమం పుట్టింది. మొదట్లో భారతీయ బాలురకు అందులో ప్రవేశం దొరకలేదు. ఆ వివక్షకు జవాబుగా 1916లో మద్రాసులో భారతీయ బాలుర స్కౌటు సంఘాన్ని స్థాపించినది ఎవరో కాదు, అనీబెసెంటే! ఇటువంటి పాయలన్నీ కలిసి 1950 నవంబరులో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మన బడులలో మెడకు రుమాలు కట్టుకుని శిబిరాలకు పోయే పిల్లలు ఆ వారసత్వంలోనివారే.

ఉద్యమం గొప్పది. కాని అమెరికాలో దాని మరో ముఖం బయటపడింది. అక్కడి స్కౌటు సంస్థ, పిల్లల పట్ల అనుచితంగా ప్రవర్తించినట్లు తెలిసిన నాయకుల పేర్లతో 1920ల నుంచే రహస్య దస్త్రాలు నిర్వహించింది. ఉద్దేశం మంచిదే: అటువంటివారు మళ్ళీ చేరకుండా చూడటం. కాని ఆ సమాచారం చాలాసార్లు పోలీసులకు చేరలేదు, తల్లిదండ్రులకు తెలియలేదు. కొందరు మరొక ఊరిలో మళ్ళీ చేరారు. 2012 అక్టోబరులో ఒరెగాన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆదేశంతో 1965 నుంచి 1985 వరకు గల వెయ్యికి పైగా దస్త్రాలు లోకానికి వెల్లడయ్యాయి. 2020 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. 82,000 మందికి పైగా తమకు బాల్యంలో అన్యాయం జరిగిందని పరిహారం కోరారు. దాదాపు 246 కోట్ల డాలర్ల పరిహార ప్రణాళిక కుదిరింది. 1906 నాటి సంగతి అడయారు పెద్దలలోనే నిలిచిపోయినట్లు, ఇక్కడి దస్త్రాలు బీరువాలలో నిలిచిపోయాయి. తెలియకపోవడం వల్ల కాదు, తెలిసినది దాచడం వల్ల పిల్లలు నష్టపోయారు.

అదే సంస్థ 1980లలో ఒక చిన్న నియమం తెచ్చింది: ఏ శిబిరంలోనైనా కనీసం ఇద్దరు పెద్దలు ఉండాలి, ఏ పెద్దా ఒక బిడ్డతో ఏకాంతంగా, ఇతరుల కంటికి కనబడకుండా ఉండరాదు. వినడానికి ఇది సామాన్యమైన మాట. కాని దీని వెనుక పెద్ద మార్పు ఉంది. అంతకుముందు ప్రశ్న "ఈ మనిషి మంచివాడా?" అని ఉండేది. దానికి జవాబు ఎవరి ముఖం మీదా రాసి ఉండదు. కొత్త ప్రశ్న "ఈ పద్ధతి మంచిదా?" అన్నది. దీనికి జవాబు కంటితో చూసి చెప్పవచ్చు.

*

మన దేశంలో ఈ ఆలోచన చట్టాలలోకి రావడానికి చాలా కాలం పట్టింది. మన వీధిబడుల చరిత్రలో కోదండం, గోడకుర్చీ, గుంజీలు, చింతబరికె మామూలు విషయాలు. "దెబ్బకు దెయ్యం వదులుతుంది" అన్నది మన సామెతే. కృష్ణమూర్తి వీపు మీద పడిన బెత్తం గురించి ఆ కాలంలో ఎవరూ కోర్టుకు పోలేదని గమనించాలి. నూరేళ్ళ తరువాత, 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది.

2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం మరింత ముందుకు వెళ్ళింది. విద్యాసంస్థల యాజమాన్యంలోనివారో, సిబ్బందో అక్కడి పిల్లల మీద నేరం చేస్తే దానిని మరింత తీవ్రమైనదిగా లెక్కించింది. నేరం జరిగిందని గాని, జరగబోతున్నదని గాని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలన్నది. తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని తెలియజేయని సంస్థాధిపతికి ఏడాది దాకా జైలు. 2015 నాటి బాలల న్యాయచట్టం, పిల్లల సంరక్షణ బాధ్యత గల సంస్థల సిబ్బంది క్రూరంగా ప్రవర్తిస్తే ఐదేళ్ళ వరకు కఠినశిక్ష వేసింది. 2020 నాటి పోక్సో నియమాలు, పిల్లలుండే సంస్థలన్నీ, బడులూ క్రీడా శిక్షణాలయాలతో సహా, ప్రతి ఉద్యోగి గురించీ నిర్ణీత కాలానికొకసారి పోలీసు తనిఖీ చేయించాలన్నాయి. శాశ్వత ఉద్యోగి అయినా, ఒప్పంద ఉద్యోగి అయినా తేడా లేదు. వంటమనిషి, వాచ్‌మన్, బస్సు డ్రైవరు అందరూ ఇందులోకి వస్తారు. అడయారు పెద్దలు మిత్రధర్మమనుకుని మూసిన తలుపును ఈ చట్టాలు బలవంతంగా తెరిచాయి.

అయితే చట్టం తలుపు తెరుస్తుందే గాని లోపలికి నడవవలసినది మనుషులే. 2018లో బీహారు అనుభవం చూడండి. అక్కడి ఆశ్రయగృహాలకు ప్రభుత్వ తనిఖీలు లేకపోలేదు. కాని టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన యువబృందం వచ్చి, పిల్లలతో తీరికగా కూర్చుని మాట్లాడిన తరువాతనే ముజఫర్‌పూర్ గృహంలోని దారుణం బయటికి వచ్చింది. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. తనిఖీ పుస్తకంలో సంతకాలు పెట్టిన అధికారులకు కనబడనిది, పిల్లల మాట విన్నవారికి వినబడింది. 1914లో లండనులో అన్న మాటే ఇది.

*

ఇంతకూ ఒక శిబిరంలో సిబ్బంది నడవడిక అంటే ఏమిటి? పెద్ద గ్రంథం అక్కరలేదు. పిల్లలు పడుకునే గదిలో, గుడారంలో పెద్దలు పడుకోరాదు. ఆడపిల్లలున్నచోట మహిళా సిబ్బంది రాత్రి కూడా ఉండాలి. స్నానాల దగ్గరకు, మరుగుదొడ్ల దగ్గరకు పెద్దలు కారణం లేకుండా పోరాదు. ఫోనుతో అసలే పోరాదు. ఒక బిడ్డకు మాత్రమే బహుమతులివ్వడం, రాత్రిపూట విడిగా సందేశాలు పంపడం, "ఇది మనిద్దరి మధ్యే ఉండనీ" అనడం కూడదు. పిల్లలను బండి మీద ఒంటరిగా ఎక్కించుకుని పోరాదు. తప్పు చేస్తే తిండి ఆపడం, గుడ్డలిప్పించి నిలబెట్టడం, తోటివారి ముందు కులాన్నో రంగునో ఎత్తడం శిక్షలు కావు, అపరాధాలు. జ్వరం వస్తే మందు ఇచ్చేటప్పుడు మరొకరు పక్కన ఉండాలి. శిబిరం మొదటిరోజునే ఈ హద్దులను పెద్దల చెవిలో కాదు, పిల్లల ముందు, వారికి అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. హద్దు ఎక్కడుందో బిడ్డకు తెలిస్తేనే దాటినప్పుడు గుర్తించగలదు. చెప్పుకోవడానికి ఆ సంస్థతో సంబంధం లేని ఒక మనిషి ఉండాలి. 1098 అనే ఉచిత ఫోను సంఖ్య గోడమీద ఉండాలి, దానికి ఫోను చేయడానికి వీలూ ఉండాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిజాయితీగా పనిచేసే ఉపాధ్యాయులే దీనిని ఎత్తుతారు. "మేము తల్లిదండ్రుల కంటె ఎక్కువగా చూసుకుంటున్నాము. జ్వరంతో ఉన్న బిడ్డను రాత్రంతా ఒడిలో పెట్టుకున్నవాళ్ళం. మమ్మల్ని దొంగల్లా చూస్తారా?" అంటారు. ఆ బాధ నిజమైనది. వసతిగృహాలలో చదివి పైకి వచ్చిన వేలమంది జీవితాల వెనుక అటువంటి ఒక పంతులుగారు, ఒక వంటమ్మ తప్పక ఉంటారు. నియమాలు ఆ ఆప్యాయతను చంపుతాయన్న భయాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు. ఏడుస్తున్న బిడ్డ భుజం తట్టడానికి కూడా జంకే ఉపాధ్యాయుడు ఉంటే అదీ నష్టమే.

నా మనవి ఒక్కటే. కోశాధికారిని లెక్క అడిగితే దొంగ అన్నట్లు కాదు. నిజాయితీగలవాడికి లెక్కల పుస్తకమే రక్ష. విరూపణ్ణ చేతిలో రాజుగారి అనుమతిపత్రమే ఉండి ఉంటే ఆ కథ వేరుగా ముగిసేది. భుజం తట్టవచ్చు, నలుగురి ముందు తట్టండి. ఒడిలో పెట్టుకోవచ్చు, మరొక పంతులమ్మ పక్కన ఉండగా పెట్టుకోండి. వెలుతురులో చేసిన ఆప్యాయతకు ఏ లోటూ రాదు. మంచి ఉపాధ్యాయుడిని అపనిందల నుంచి కాపాడేదీ, చెడ్డవాడిని దూరంగా ఉంచేదీ ఒకే నియమం. కంచె చేను మేస్తే కాపేమి చేయగలడని మనవాళ్ళు నిట్టూర్చి ఊరుకున్నారు. కాపు చేయగలిగినది ఒకటుంది: ఒకే కంచెను నమ్మి ఊరికి పోకుండా, అప్పుడప్పుడు వచ్చి చేను చూసుకోవడం.

నారాయణయ్యగారు ఆ పని ఆలస్యంగా, తడబడుతూ, కోపంతో చేశారు, ఓడిపోయారు. ఆయన వాదనలోని తప్పులను చరిత్ర గుర్తుపెట్టుకుంది. ఆయన అడిగిన ప్రశ్నను మాత్రం మరిచిపోయింది. తన బిడ్డలు ఎవరి దగ్గర ఉన్నారో, ఆ మనిషి ఎటువంటివాడో అడిగే హక్కు తండ్రికి ఉందా లేదా? ఉన్నది. అడయారులో ఉన్నది, లేపాక్షి నవోదయ గేటు దగ్గరా ఉన్నది, కరవు ఏడాది బిడ్డను వసతిగృహంలో వదిలి బెంగుళూరు బస్సెక్కే కూలితల్లికీ ఉన్నది.

ఈసారి లేపాక్షి వెళ్ళినప్పుడు బసవన్న ముందు తలలు లెక్కపెట్టే పంతులుగారిని చూస్తే, ఆయనకు మనసులో నమస్కరించండి. ఆ పని తేలికైనది కాదు. పిల్లల లెక్క పూర్తయ్యాక, వారితో వచ్చిన పెద్దలు ఎందరు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, బిడ్డకు భయం వేస్తే ఎవరికి చెప్పుకుంటుంది అన్న రెండవ లెక్క కూడా ఒకటి ఉంటుంది. మీ బిడ్డ ఆ వరుసలో ఉంటే, బస్సు కదిలే ముందు ఆ లెక్క అడగండి. మర్యాదగానే అడగండి, కాని తప్పక అడగండి.